మాస్కో అచ్చు, మామయ్య సంతకం

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో అప్పుడప్పుడూ ఓ గట్టి అట్ట పుస్తకం చేతికి తగులుతుంది. అట్ట తిప్పితే ఖాళీ పేజీలో సిరా వెలిసిపోయిన రాత: ‘చిరంజీవికి పుట్టినరోజు ఆశీస్సులతో, మామయ్య’. లేదా ఓ బడి ముద్ర, పక్కనే ‘వక్తృత్వంలో ద్వితీయ బహుమతి’. ఆ తర్వాతి పేజీలో ‘ప్రగతి ప్రచురణాలయం, మాస్కో’.

తెలుగు పిల్లల చదువు మాస్కోతో మొదలవలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లోనే వచ్చింది. 1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలైంది. కానీ పత్రికను ఎవరూ రంగు కాగితంలో చుట్టి పుట్టినరోజుకి ఇవ్వరు. పేజీ నిండా రంగుల బొమ్మలతో మంచి పుస్తకం కొనాలంటే గుమాస్తా జీతం ఒప్పుకునేది కాదు.

ఆ లోటు తీర్చింది సోవియట్ ఖజానా. అక్కడి ప్రభుత్వ ప్రచురణాలయాలు భారతీయ భాషల్లో పుస్తకాలు అచ్చేసి నామమాత్రపు ధరకు పంపేవి. ప్రచారం కోసమే, అందులో దాపరికమేమీ లేదు. అయితే పిల్లల పుస్తకాల్లో రాజకీయం కంటే ఎలుగుబంట్లే ఎక్కువ! ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ లాంటివారు మాస్కోలోనే ఉండి తెలుగు చేశారు. 1982లో సాహిత్యం, పిల్లల పుస్తకాల కోసం ‘రాదుగ’ ప్రచురణాలయం విడిగా ఏర్పడింది. సైన్సు పుస్తకాలు ‘మీర్’ నుంచి వచ్చేవి. ఇక్కడ అమ్మకం విశాలాంధ్ర పుస్తకాల కొట్లది.

ఏ వయసుకి ఏ పుస్తకం? విశాలాంధ్ర కొట్లో నిలబడ్డ మామయ్యకి ఆ లెక్క ఉండేది కాదు. బొమ్మ ఎంత పెద్దది, ధర ఎంత చిన్నది, అంతే. ఎవరికేది సరిపోతుందో ఇంట్లో తేలేది. ఇంకా అక్షరాలు రాని చిన్నదానికి బొమ్మల జానపద కథ దక్కేది. అక్క చదివి వినిపిస్తుంటే తను చింపేది. మూడు, నాలుగు తరగతుల వాడికి అలెక్సాందర్ రస్కిన్ పుస్తకం. జబ్బుపడిన కూతురిని ఊరడించడానికి ఆయన తన చిన్ననాటి అల్లరి పనులు చెప్పగా పుట్టిన కథలవి. నాన్నలు కూడా ఒకప్పుడు తన్నులు తిన్నారని తెలిసిన పిల్లవాడికి అంతకన్నా గొప్ప బహుమతి ఏముంటుంది? ఆ పైమెట్టు మీద గైదార్ రాసిన చుక్, గెక్ అన్నదమ్ములు. తండ్రి పంపిన టెలిగ్రాం పోగొట్టి, అమ్మకి చెప్పకుండా దాచిన దొంగలు. ఆ మంచులో రైలు ప్రయాణాన్ని మే నెల ఎండలో, అరుగు మీద చెమటలు కక్కుతూ చదివిన తెలుగు పిల్లలకి సమోవార్ అంటే ఏమిటో చెప్పేవాళ్లు ఇంట్లో ఒక్కరూ ఉండేవారు కాదు.

పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్ర పుస్తకం సంగతి వేరు. బొమ్మలు చూసి ఐదో తరగతి పిల్లవాడి చేతిలో పెడితే, వాడు నాలుగు పేజీలు తిప్పి అటక మీదికి తోసేసేవాడు. పదో తరగతి సెలవుల్లో దుమ్ము దులిపి మళ్లీ దించేవాడు. లెక్క తప్పిన బహుమతే ఎక్కువ కాలం నిలిచిన ఇళ్లు తక్కువేం కాదు.

1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ సరఫరా ఆగిపోయింది. తర్వాత సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ ఆ కథల్లో కొన్నిటిని మళ్లీ అచ్చేసింది. కొత్త ప్రతుల్లో కథ అదే, బొమ్మలూ అవే. కానీ మాస్కో ప్రతి చివరి పేజీలో రష్యన్ లిపిలో ముద్రణ వివరాలు ఉండేవి. అర్థం కాకపోయినా పిల్లలు వాటిని పలక మీద దించుకునేవారు. ఆబిడ్స్‌లో దొరికే పాత ప్రతుల్లో ఆ పేజీ పక్కన ఇప్పటికీ పెన్సిల్ గీతలు కనిపిస్తాయి, తలకిందులుగా రాసిన ఓ రష్యన్ అక్షరం, దాని కింద తెలుగులో ఎవరిదో పేరు.