ఇంటిలో ముద్రించిన సంగీతము: ఒక బడిపంతులు చరిత్ర

పూర్వము సంగీత విద్వాంసులకు రాజులు, జమీందారులు, దేవస్థానములవారు ఆశ్రయ మొసంగెడివారు. ఇరువదవ శతాబ్దమున ఆ స్థానమును రికార్డు కంపెనీలు ఆక్రమించినవి. వాని స్టూడియోలలో ప్రవేశము దొరకనివాని పాట ఊరి పొలిమేర దాటుట దుర్లభమయ్యెను. ఈ స్థితి యెట్లు మారినదో తెలిసికొనుటకు అమెరికాలోని ఒక పాఠశాలోపాధ్యాయుని చరిత్ర మిక్కిలి యుపకరించును.

ఈ మార్పునకు మూలము ఒక చిన్న యంత్రము. 1979లో టీయాక్ సంస్థవారు పోర్టాస్టూడియో అను పరికరమును విక్రయమునకు తెచ్చిరి. సామాన్యమైన క్యాసెట్టు టేపులో ప్రక్కకు రెండు చొప్పున నాలుగు ధ్వనిమార్గములుండును. ఈ యంత్రము నాల్గింటిని ఒకే దిశలో వాడుకొనును. గిటారును, డ్రమ్ములను, గాత్రమును వేర్వేరు సమయములందు ఒక్కొక్క మార్గమున నింపి, పిమ్మట కలుపవచ్చును. మూడింటిని కలిపి నాల్గవదానిపై కెక్కించినచో ఆ మూడును మరల ఉపయోగమునకు వచ్చును. కాని యట్లు చేసినకొలదియు టేపు బుస హెచ్చును. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని తన యింట ఇట్టి యంత్రముపై ముద్రించుకొనిన చిత్తుప్రతులే ఆ సంవత్సరమున ‘నెబ్రాస్కా’ పేర వెలువడినవి. ఆయన కప్పటికే పెద్ద కంపెనీ అండ గలదు. ఆ యండ లేనివాని మాట యేమి?

ఒహాయో రాష్ట్రమునందలి డేటన్ నగరమున 1957లో జన్మించిన రాబర్ట్ పొలార్డ్ 14 ఏండ్లు పాఠశాలలో బోధించెను. 1983లో మిత్రులతో ‘గైడెడ్ బై వాయిసెస్’ అను రాక్ బృందమును నెలకొల్పెను. 1986 మొదలుకొని వారు సొంత ధనముతో రికార్డులు వెలువరించిరి. కొన్నవారు బహుస్వల్పము. 1992లో ఇదియే కడపటిదని తలంచి, ‘ప్రొపెల్లర్’ అను రికార్డును 500 ప్రతులు వేసి, ఒక్కొక్క యట్టను చేతితో వేర్వేరుగా నలంకరించిరి.

అంత్యమని తలంచినదే ఆరంభమయ్యెను. క్లీవ్‌లాండులోని స్కాట్ అను చిన్న కంపెనీ వారిని చేరదీసెను. 1994లో వెలువడిన ‘బీ థౌజండ్’లో 20 పాటలు గలవు, అన్నియు కలిపి 40 నిమిషములకు లోపే. పొలార్డ్, టోబిన్ స్ప్రౌట్ మున్నగువారు పెక్కింటిని ఇండ్లలోనే నాలుగు మార్గముల టేపుపై ముద్రించిరి. మొదటి పాటలో గిటారు నడుమ అణగిపోయి మరల వినవచ్చును. దానిని వారు దిద్దలేదు. ఆ కాలముననే పొలార్డ్ ఉపాధ్యాయ వృత్తిని విడిచెను. 1999లో ప్రసిద్ధ నిర్మాత రిక్ ఒకాసెక్ పర్యవేక్షణమున నునుపుగా ముద్రించిన రికార్డు వారిని మహాజన ప్రసిద్ధులను చేయజాలదయ్యెను. బృందము 2004లో విడిపోయి, 2010లో కలిసి, 2014లో మరల విడిపోయి, 2016లో పునరుద్ధరింపబడెను. వారి రికార్డు సంపుటములు 40కి మించినవి.

టేపు బుసయే ఈ పాటల సొగసని కొందరందురు. నా మతమున అది సొగసు గాదు, స్వాతంత్ర్యమునకు చెల్లించిన సుంకము. ఇక ఆ 14 ఏండ్లు పొలార్డుకు రాజాశ్రయ మెవ్వరిది? నెలనెల వచ్చు బడిజీతమే. యంత్రము పాటను నిలిపినది. జీతము పాటగానిని నిలిపినది.

తెలుగునేలకు వెలుపల తెలుగు బోధించు నాకు ఈ చరిత్ర పరాయిదిగా తోచదు. మన యిండ్లలో అవ్వలు పాడు పెండ్లిపాటలకును, లాలిపాటలకును ఏ కంపెనీయు రాదు. నేడు విద్యార్థి చేతిలోని సెల్‌ఫోను నాటి పోర్టాస్టూడియో కంటె శక్తిమంతము. గొంతు వణకినను, నడుమ కుక్క మొరిగినను చింతలేదు. అవ్వ యుండగనే ఆ పాటను ముద్రించి యుంచుడు.