మానని ప్రేగువ్యాధి – మరియొక వైద్యము

ప్రేగులలో పాతుకొనిన దీర్ఘవ్యాధి కొంతకాలము అణగియుండును. ఇక తగ్గినదని రోగి ఊరట చెందువేళ మరల తలయెత్తును. అందుచే పెద్ద ఆసుపత్రిలో మందు పుచ్చుకొనుచున్నవారు సైతము మరియొక వైద్యుని వాకిట నిలుచుట కలదు. దానిని మూఢత్వమని త్రోసివేయుటకు ముందు ఈ వ్యాధుల చరిత్రను ఒకపరి పరికింపవలెను.

ప్రేగుబాధ మన పూర్వులెరుగనిది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున 15వ అధ్యాయము గ్రహణికి సంబంధించినది. అందు మజ్జిగకు గొప్ప స్థానమున్నది. అయితే నాటి గ్రహణియు, నేటి వైద్యులు పేర్కొను వ్యాధులును ఒక్కటేయని తలపరాదు.

పెద్దప్రేగు పూతను లండను వైద్యుడు సామ్యూల్ విల్క్స్ 1859లో వర్ణించెను. చిన్నప్రేగు చివర కలుగు వాపును న్యూయార్కులో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అను మువ్వురు 1932లో వెల్లడించిరి. పేర్లు దొరికినవి, మందు దొరకుట ఆలస్యమైనది. స్వీడను వైద్యురాలు నానా స్వార్ట్స్ 1942లో ప్రకటించిన సల్ఫసలజీన్, కీళ్లవాతమునకై ఉద్దేశింపబడినదయ్యు, ప్రేగుపూతకు గుణమిచ్చెను. 1955లో ట్రూలవ్, విట్స్ అనువారు 210 మంది రోగుల పరీక్షాఫలితములను ప్రకటించి, తీవ్రదశలో కార్టిసోను ఉపకరించునని రుజువు చేసిరి. కాని ఆ జాతి మందులను చిరకాలము వాడినచో ముఖము ఉబ్బును, ఎముకలు బలహీనపడును. మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. తరువాత ఇంకను మేలైన మందులు వచ్చినవి. అందరికిని శాశ్వతముగా మాన్పు మందు మాత్రము నేటికిని లేదు.

ఈ వెలితిలోనే ఇతర వైద్యములు ప్రవేశించుచున్నవి. ఏమి తినవలెనో చెప్పువారు రోగికి కావలెను. సిగ్గుచే పదుగురిలో చెప్పుకొనలేని బాధను తీరికగా వినువారు కావలెను. తన దేహము కొంతయైనను తన చేతిలోనున్నదను ధైర్యము కావలెను.

అట్టి మందులన్నియు వ్యర్థములు కావు, నిరపాయములును కావు. జపానులో 89 మందిపై జరిపి 2006లో ప్రకటించిన పరీక్షలో, మామూలు మందుతోపాటు పసుపునందలి కర్కుమిన్ సేవించినవారికి ఆరునెలలలో ప్రేగుపూత తిరుగబెట్టుట తక్కువగా కనిపించెను. మామూలు మందును వారు మానలేదను సంగతి మరువరాదు. ఆ దేశముననే కొందరు రోగులు నీలియాకు పొడిని స్వయముగా వాడుచుండగా, ఊపిరితిత్తుల రక్తనాళములలో పీడనము పెరిగిన సందర్భములు బయటపడి, 2016లో ప్రభుత్వము హెచ్చరిక చేసెను.

రెండవ వైద్యుని ఆశ్రయించుట తప్పు కాదు; మొదటి వైద్యునికి చెప్పక దాచుటలోనే అపాయమున్నది. రోగి దాపరికము లేక చెప్పవలెను; వైద్యుడు కసరక వినవలెను.