వ్యాపారి ఐపీ పెడితే రైతు బాకీ ఏమవుతుంది? రిసీవర్ ఏం చేస్తారు?

మిర్చి, పత్తి, ధాన్యం అరువుకు అమ్మాక ‘ఆ వ్యాపారి ఐపీ పెట్టాడట’ అన్న మాట వినగానే చాలామంది రైతులు ఇక డబ్బు పోయినట్టేనని ఊరుకుంటారు. కోర్టు నోటీసు వస్తే భయపడి తీసుకోకుండా తిప్పి పంపినవారినీ చూశాను. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

ఐపీ అంటే దివాలా పిటిషన్. సొంత పేరుతో వ్యాపారం చేసేవారికి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఇప్పటికీ వర్తిస్తోంది. పిటిషన్ వేసినంత మాత్రాన బాకీ రద్దు కాదు. విచారణ జరిపి కోర్టు దివాలా ప్రకటిస్తే, వ్యాపారి ఆస్తి అతని చేతిలోంచి పోయి కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వస్తుంది. రిసీవర్ వ్యాపారి మనిషి కాదు, మీ మనిషీ కాదు. ఆస్తిని స్వాధీనం చేసుకుని, అమ్మి, బాకీ రావాల్సినవారికి పంచడం ఆయన పని. (పొలం తగాదాల్లో పంట పాడవకుండా కోర్టు వేసే రిసీవర్ వేరు. ఆయన తీర్పు వచ్చేదాకా భూమిని, లెక్కలను చూస్తారు.)

నోటీసు తీసుకోండి. పిటిషన్‌లో వ్యాపారి ఇచ్చిన అప్పుల జాబితాలో మీ పేరు ఉందా, మొత్తం సరిగా ఉందా చూడండి. జాబితాలో ఉన్నా లేకున్నా అఫిడవిట్‌తో మీ బాకీని రుజువు చేసుకోవాలి. దాన్ని కోర్టులో ఇవ్వవచ్చు, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపవచ్చు. తక్‌పట్టీ, కాటా చీటీ, చెల్లని చెక్కు, ఏది ఉంటే అది జతచేయండి. తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క అయినా పారేయకండి. దివాలా ప్రకటించాక కోర్టు అనుమతి లేకుండా విడిగా దావా వేయడం కుదరదు.

జాబితాలో బంధువుల పేర్లతో దొంగ అప్పులు కనిపిస్తే వాటిని తీసేయమని కోర్టును కోరవచ్చు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు భార్యాపిల్లల పేర ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయవచ్చు. నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవారి జోలికి మాత్రం పోలేరు. ఇలాంటి ఆస్తుల సంగతి ఊళ్లోవాళ్లకు తెలిసినంతగా రిసీవర్‌కు తెలియదు. సర్వే నంబర్లతో సహా ఆయనకు రాసివ్వండి.

అయితే తాకట్టు ఉన్న ఆస్తిపై బ్యాంకు హక్కు ముందుంటుంది. తర్వాత ప్రభుత్వ బకాయిలు, కొంతవరకు జీతాలు. మిగిలినది అందరికీ దామాషాలో పంచుతారు. మొత్తం బాకీ చేతికి రావడం అరుదు.

బాకీపడింది చక్కెర ఫ్యాక్టరీయో విత్తన కంపెనీయో అయితే 2016 నాటి దివాలా స్మృతి వర్తిస్తుంది. కంపెనీ రిజిస్టర్డ్ కార్యాలయం తెలంగాణలో ఉంటే హైదరాబాద్‌లోని, ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే అమరావతి కంపెనీ లా ట్రిబ్యునల్ బెంచి చూస్తుంది. అక్కడ నియమితులైన నిపుణుడు పత్రికా ప్రకటన ఇస్తారు. ఆయన నియామకం నుంచి 14 రోజుల్లో ఫారం బి పంపాలి.

వకీలు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.