జింకు రేకుల గోడలు: తుప్పు, దాని చికిత్స

సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కరగియున్న తుత్తునాగమున (జింకున) ఉక్కు రేకును ముంచి తీయగా వచ్చునదే జింకు రేకు. ఈ విధానమునకు 1837లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు సోరెల్ పేటెంటు పొందెను. గాల్వనైజింగు అను దీని పేరులో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ పేరు తగులుకొన్నదే గాని, కప్పకాళ్లపై ప్రయోగములు చేసిన ఆ మహాశయునకు రేకులతో ఏ సంబంధమును లేదు. మన యూళ్లలో ఈ రేకు ఇంటికప్పుగానే ఎక్కువగా కనబడును. ఐస్‌లాండు రాజధాని రేక్యావిక్‌లోనైతే పాత కొయ్యయిండ్ల గోడలకు సయితము ముడతల రేకు తొడిగి రంగులు వేసికొందురు. ఉప్పుగాలికి వాన అడ్డముగా కొట్టు ఊరది.

తుత్తునాగము తడికి అడ్డు నిలుచుటయే గాక, విద్యుద్రసాయన ధర్మమును బట్టి ఉక్కుకంటె ముందుగా తానే క్షయించును. కావుననే మేకు మొన గీచుకొని సన్నని గీత పడినను, చుట్టును పూత మిగిలియున్నంతకాలము ఆ గీతలోని ఉక్కు ఎఱ్ఱబారదు. చదరపు మీటరుకు ఇరువైపుల కలిపి 275 గ్రాముల పూత గల రేకునందు ఒక్కొక్క వైపు మందము మిల్లీమీటరులో ఏబదవ వంతు మాత్రమే. అది ఎంత మెల్లగా వ్యయమగునో గోడకు అంత ఆయువు.

గాలివానలు తగిలి ఆరుచుండు రేకుపై బూడిదవన్నె కార్బనేటు పొర గట్టిపడి పూతను కాచును. గాలి చొరకుండ ఒకదానిపై నొకటి పేర్చి తడియనిచ్చిన కొత్త రేకులపై మాత్రము, వ్రేలితో రాచినచో సున్నమువలె అంటుకొను తెల్ల తుప్పు లేచును. సముద్రతీరమున వాన తగులు భాగముకంటె చూరుక్రింది భాగమే ముందు చెడుట చూచువారికి వింతగా తోచును. అచట చేరిన ఉప్పును కడుగు వాన లేదు గదా! ఆ చోటును అప్పుడప్పుడు మంచినీటితో కడుగుట చవుకైన నివారణోపాయము. పచ్చి సిమెంటు, రాగి గొట్టమునుండి కారు నీరు, గోడ మొదట చేరిన మన్ను రేకును తాకరాదు.

తెల్ల తుప్పును నైలాను బ్రష్షుతో, నీటితో తొలగింపవలెను. ఇనుప బ్రష్షుతో గీకినచో మిగిలిన పూతయు ఊడిపోవును. ఎఱ్ఱ తుప్పు కనబడినచోట ఆ బ్రష్షే తగినది. ఉక్కు మెఱయువరకు గీకి, తుడిచి, తుత్తునాగపు పొడి మెండుగా గల ప్రైమరు పూసి, అది ఆరిన పిదప ఆక్రిలికు రంగు వేయవలెను. నూనె రంగును తిన్నగా జింకుపై వేయుట తఱచుగా జరుగు పొరపాటు: అందలి కొవ్వు ఆమ్లములు తుత్తునాగముతో కలిసి సబ్బుగా మాఱగా, రంగు పొరలు పొరలుగా లేచిపోవును.

చిల్లిపడిన రేకును మార్చుటయే మేలు. కొత్త రేకు కోసిన అంచునకు అదే ప్రైమరు పూసి, బిగించునప్పుడు రాలిన ఇనుప రజనును నాడే తుడిచివేయవలెను. లేనిచో మరునాటి మంచుకే అది ఎఱ్ఱని చుక్కలై గోడనిండ తేలును.