పిలుపుకు ముందు ఋణం: కతోలిక సంప్రదాయంలో మలివయసు మఠప్రవేశం

కతోలిక శ్రీసభ పరిభాషలో గురువుగా గాని మఠవాసిగా గాని జీవితాన్ని అంకితం చేయడానికి కలిగే ప్రేరణను ‘దైవపిలుపు’ అంటారు. ఈ పిలుపు యౌవనారంభంలోనే వినిపిస్తుందని, అప్పటికి లౌకికబంధాలేవీ ఏర్పడి ఉండవని సాధారణంగా భావిస్తారు. వృత్తి చేసి, వివాహమాడి, బిడ్డలను కని, భార్యనో భర్తనో పోగొట్టుకొన్న తరువాత మఠద్వారం తట్టినవారిని మినహాయింపులుగా చూడటం పరిపాటి. చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం సగమే నిజమని తేలుతుంది. సంసారం చూసి వచ్చినవారు తొలి శతాబ్దాల నుంచీ ఉన్నారు. బాల్యం నుంచి తీర్చిదిద్దిన గురువు ఆదర్శ నమూనాగా స్థిరపడింది మాత్రం 16వ శతాబ్దంలో.

ఈ వ్యాసంలో ‘మలివయసు’ అన్నది ఏళ్ల లెక్క కాదు. వృత్తిలోనో గృహస్థజీవితంలోనో కొంతకాలం గడిచిన తరువాతి దశ. అలాంటివారి విషయంలో శ్రీసభను నిరంతరం వేధించిన ప్రశ్న వయసుకు సంబంధించింది కాదు, ఋణానికి సంబంధించింది. పిలుపు విన్న వ్యక్తి ఎవరికి ఏమి బాకీ ఉన్నాడు, ఆ బాకీ తీరిందని ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న నాలుగో శతాబ్దపు సభాతీర్మానాల నుంచి 20వ శతాబ్దపు చట్టసంహితల వరకు కొనసాగింది. ఆ క్రమాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

అరవై ఏళ్ల నియమం

పౌలు పేరిట ఉన్న తిమోతికి మొదటి లేఖ అయిదో అధ్యాయంలో వితంతువుల జాబితా ప్రస్తావన ఉంది. క్రైస్తవ సంఘం గుర్తించి నమోదు చేసుకొనే వితంతువుకు అరవై ఏళ్లు నిండి ఉండాలని ఆ లేఖ నిర్దేశించింది. పిన్నవయసు వితంతువులను జాబితాలో చేర్చవద్దని, వారు మళ్లీ పెళ్లి చేసుకోవడం మేలని చెప్పింది. అంటే సంఘంలో స్త్రీలకు దక్కిన తొలి గుర్తింపుల్లో ఒకదానికి వార్ధక్యమే అర్హత అయింది. అదే అధ్యాయంలో మరో షరతు ఉంది. పిల్లలో మనుమలో ఉన్న వితంతువును ముందుగా ఆ కుటుంబమే పోషించాలి. తనవారిని పట్టించుకోనివాడు అవిశ్వాసికంటె హీనుడు. ఆధ్యాత్మిక గుర్తింపును, కుటుంబ బాధ్యతను ఒకే చోట తూచిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

నాలుగో శతాబ్దంలో ఆసియా మైనరులోని గంగ్రాలో జరిగిన ధర్మసభ ఈ విషయాన్ని మరింత తీవ్రంగా పట్టించుకొన్నది. ఆ ప్రాంతంలో అతితపస్సును బోధించే వర్గాలు బలపడ్డాయి. తపస్సు నెపంతో భర్తను విడిచిన భార్యను, బిడ్డలను పోషించకుండా వదిలేసిన తల్లిదండ్రులను, తల్లిదండ్రులను వదిలేసిన బిడ్డలను 14, 15, 16 సూత్రాలలో ఆ సభ శపించింది. సన్యాసాన్ని సభ నిరసించలేదు. సన్యాసం పేరుతో ఋణం ఎగవేయడాన్ని నిరసించింది.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన ‘సుమ్మా’లో ఈ నియమానికి తార్కికరూపం ఇచ్చాడు. తల్లిదండ్రులు తీవ్రమైన అవసరంలో ఉన్నప్పుడు బిడ్డలు వారిని విడిచి మఠంలో చేరరాదు. బిడ్డలు ఉన్నవారు ఆ బిడ్డల పెంపకానికి ఏర్పాటు చేయకుండా చేరరాదు. ఇక్కడ కీలకమైన మాట ‘ఏర్పాటు’. తల్లి స్వయంగా పెంచాలని అక్వినాస్ అనలేదు. పెంపకం ఎలా సాగుతుందో తేల్చి వెళ్లాలన్నాడు.

రెండు ఋణభావనలు

తెలుగు పాఠకునికి ఈ చర్చ ఆశ్రమధర్మాన్ని గుర్తుచేయడం సహజం. మనుస్మృతి ఆరో అధ్యాయం గృహస్థుడు తన ఒంటిమీద ముడతలను, తలలో నెరపును, కొడుకుకు కొడుకును చూసిన తరువాత అడవికి వెళ్లాలని చెప్తుంది. మూడు ఋణాలు తీర్చిన తరువాతే మనసును మోక్షంపై నిలపాలంటుంది. ఈ వ్యవస్థలో మలివయసు సన్యాసమే క్రమం. బ్రహ్మచర్యం నుంచి నేరుగా సన్యాసానికి వెళ్లడం చర్చనీయాంశం.

పోలిక ఉన్నా రెండు భావనల దిశ వేరు. ఋణత్రయ సిద్ధాంతంలో ఋణం పైతరాలకు చెల్లేది. దేవతలకు యజ్ఞంతో, ఋషులకు అధ్యయనంతో, పితరులకు సంతానంతో తీరుతుంది. కొడుకు పుట్టడం పితృఋణ విమోచనం. గంగ్రా నుంచి అక్వినాస్ వరకు సాగిన ఆలోచనలో ఋణం పైతరానికి ఎంత ఉన్నదో కిందితరానికీ అంతే ఉంది. కొడుకు పుట్టడంతో అక్కడ ఒక ఋణం తీరితే ఇక్కడ ఒక ఋణం మొదలవుతుంది.

అయితే భారతీయ సంప్రదాయానికి కిందితరం బాకీ తెలియదనుకోవడం పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణం తొలి అధ్యాయంలో, భార్యాబిడ్డలకు ఏర్పాటు చేయకుండా ప్రవ్రజించినవానికి పూర్వసాహసదండం విధించాలని ఉంది. ధర్మశాస్త్రం పితరుల వైపు చూస్తే అర్థశాస్త్రం ఇంట్లో మిగిలిపోయినవారి వైపు చూసింది. కౌటిల్యుడు రాజదండంతో సాధించదలచినదాన్ని కతోలిక సంప్రదాయం మఠద్వారం దగ్గరే సాధించాలని చూసింది.

ట్రెంటు తరువాతి ద్వారపాలకుడు

మధ్యయుగాలలో పసిపిల్లలను మఠాలకు సమర్పించే ఆచారం ఉన్నమాట నిజమే. కాని గురువుల తయారీని వయసుతో ముడిపెట్టి వ్యవస్థగా మార్చింది ట్రెంటు మహాసభ. 1563 జూలైలో జరిగిన 23వ సమావేశం ప్రతి పీఠానికి ఒక గురువిద్యాలయం ఉండాలని, అందులో పన్నెండేళ్లు నిండిన, చదవను రాయను వచ్చిన బాలురను చేర్చుకోవాలని నిర్ణయించింది. అదే ఏడాది డిసెంబరులో 25వ సమావేశం పదహారేళ్లు నిండకుండా మఠవ్రతాలు స్వీకరించడాన్ని నిషేధించింది. లేత మనసులు లోకవాసన సోకకముందే శిక్షణ పొందాలన్నది మొదటి తీర్మానంలోని ఆశయం. దాని పర్యవసానంగా, లోకాన్ని చూసి వచ్చినవాడు ఆలస్యంగా వచ్చినవాడయ్యాడు.

ఆ ఆలస్యానికి లాటిను భాష కొలమానమైంది. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల పేరు ద్వారా తెలుగువారికి పరిచితుడైన లొయోలా ఇగ్నేషియస్ 1521లో పాంప్లోనా కోట రక్షణలో గాయపడ్డ సైనికుడు. ముప్పై మూడో ఏట, 1524లో, బార్సెలోనాలో పిల్లల సరసన లాటిను వ్యాకరణం మొదలుపెట్టాడు. పారిస్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, 1537లో వెనిస్‌లో గురుపట్టం పొందాడు. 1540లో మూడో పౌలు పోపు ఆమోదించిన యేసుసభకు వ్యవస్థాపకుడయ్యాడు.

అందరికీ ఆ మార్గం తెరుచుకోలేదు. సెగోవియాకు చెందిన బట్టల వర్తకుడు అల్ఫోన్సో రోద్రీగెస్ భార్యనూ బిడ్డలనూ కోల్పోయి యేసుసభను ఆశ్రయించాడు. చదువు చాలదని, ఆరోగ్యం అంతంతమాత్రమని మొదట తిరస్కరించారు. అతడూ పిల్లలతో కలిసి లాటిను బడికి వెళ్లాడు. చివరికి 1571లో, నలబైకి చేరువలో, గురువుగా కాక సహోదరునిగా ప్రవేశం దొరికింది. మయోర్కా ద్వీపంలోని సభ కళాశాలకు దశాబ్దాల పాటు ద్వారపాలకుడుగా ఉండి 1617లో మరణించాడు. ఆ కళాశాలలో చదివిన పీటర్ క్లావర్‌కు అమెరికా ఖండపు సేవామార్గాన్ని సూచించింది ఈ ద్వారపాలకుడే. 1888లో పదమూడో లియో పోపు ఇద్దరినీ ఒకేసారి పునీతులుగా ప్రకటించాడు. రోద్రీగెస్ కథలో పరీక్షకు నిలిచింది యోగ్యత మాత్రమే. అతడు బాకీపడ్డ మనుషులు అప్పటికి ఎవరూ మిగలలేదు. బాకీపడ్డ మనుషులు బతికే ఉన్నప్పుడు ప్రశ్న జటిలమవుతుంది.

గడప దాటిన తల్లులు

17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఇద్దరు వితంతువుల జీవితాలు ఈ జటిలతను చూపుతాయి. మొదటి ఆమె బర్గండీకి చెందిన జాన్ ఫ్రాన్స్వాజ్ ద శాంతాల్. వేటలో జరిగిన ప్రమాదం వల్ల 1601లో భర్త మరణించాడు. 1604లో పీఠాధిపతి ఫ్రాన్సిస్ ద సాల్‌తో పరిచయమైంది. 1610లో ఆయనతో కలిసి అన్సీ పట్టణంలో ‘విజితాసియోన్’ సభను స్థాపించింది. పెద్ద కూతురికి అప్పటికే పెళ్లి చేసింది. మరో కూతురిని వెంట తీసుకెళ్లింది. కొడుకును తన తండ్రి సంరక్షణలో ఉంచింది. బయలుదేరే రోజున ఆ కొడుకు గడపకు అడ్డంగా పడుకొన్నాడని, ఆమె కన్నీళ్లతోనే అతణ్ణి దాటి వెళ్లిందని జీవితచరిత్రలు చెప్తాయి. అక్వినాస్ కోరిన ఏర్పాట్లన్నీ ఆమె చేసింది. గడప మీద పడుకొన్న కొడుకు ఏ ఏర్పాటులోనూ ఇమడలేదు. వితంతువులను, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవారిని, కఠోర ఉపవాసాలు చేయలేనివారిని చేర్చుకోవడం విజితాసియోన్ సభ ప్రత్యేకత. ఇతర మఠాలు వద్దన్నవారికి అది ఆశ్రయమైంది. 1641లో ఆమె మరణించేనాటికి 80కి పైగా మఠాలు ఏర్పడ్డాయి.

రెండో ఆమె తూర్ పట్టణానికి చెందిన మరీ గియార్. 1599లో రొట్టెలు కాల్చే ఇంట పుట్టింది. పట్టుబట్టల తయారీదారుతో పెళ్లయిన రెండేళ్లకే, 1619లో, వితంతువైంది. భర్త మిగిల్చిన వ్యాపారం అప్పుల్లో ఉంది, వాటిని చక్కబెట్టింది. తరువాత అక్క, బావల రవాణా వ్యాపారంలో ఏళ్ల తరబడి పనిచేసి, లెక్కలు, సరుకులు, కూలీల వ్యవహారం చూసింది. 1631 జనవరి 25న, పన్నెండేళ్లు ఇంకా నిండని కొడుకు క్లోద్‌ను అక్కకు అప్పగించి ఉర్సులా మఠంలో చేరింది. మఠం దాకా కొడుకు ఏడుస్తూ వెంటవచ్చాడని ఆమె తరువాత రాసింది. అంతటితో ఆగలేదు. బడిపిల్లలను వెంటేసుకొని వచ్చి మఠం ముందు తల్లిని తనకు తిరిగి ఇమ్మని ఆ పిల్లవాడు కేకలు వేశాడు.

భర్త వ్యాపారపు బాకీని చక్కబెట్టింది, కొడుకు పెంపకానికి ఏర్పాటు చేసింది. శాస్త్రం ప్రకారం ఆమె ఋణం తీరింది. క్లోద్ లెక్కలో తీరలేదు. 1639లో ఆమె కెనడాలోని క్యుబెక్‌కు వెళ్లింది. నలబై ఏళ్ల వయసులో స్థానిక ఆదివాసుల భాషలు నేర్చుకోవడం మొదలుపెట్టి, ఆ భాషల్లో నిఘంటువులు, జ్ఞానోపదేశ గ్రంథాలు తయారుచేసింది. కొడుకు 1641లో బెనెడిక్టు సంప్రదాయపు మఠంలో చేరాడు. సముద్రానికి ఇరువైపులా ఉండి తల్లీకొడుకులు మూడు దశాబ్దాలు ఉత్తరాలు రాసుకొన్నారు. అతడు పట్టుబట్టి కోరినందువల్లనే 1654లో ఆమె తన అంతరంగ చరిత్రను రాసి పంపింది. 1672లో ఆమె మరణించింది. 1677లో క్లోద్ ఆ రచనను తన అనుబంధ వ్యాఖ్యలతో కలిపి ప్రచురించాడు. 1681లో లేఖలు వెలువడ్డాయి. 2014లో ఆమె పునీతురాలిగా ప్రకటితురాలైంది.

సాహిత్యచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో ఒక విశేషం ఉంది. మరీ గియార్ రచనలు నేడు లభించడానికి ముఖ్య కారణం ఆమె విడిచివెళ్లిన కొడుకు. తల్లి సాన్నిధ్యంగా దక్కనిదాన్ని అతడు అక్షరంగా రాబట్టుకొన్నాడు. అందువల్ల 1654 నాటి రచనను కేవలం ఆధ్యాత్మిక ఆత్మకథగా చదవడం చాలదు. అది ఒక ఋణదాత అడగగా ఋణగ్రస్తురాలు చెల్లించిన వాయిదా కూడా.

చట్టంగా మారిన ఋణం

ఇలాంటి అనుభవాల సారం 1917 నాటి శ్రీసభ చట్టసంహితలో 542వ సూత్రంగా కనిపిస్తుంది. వివాహబంధం కొనసాగుతున్నవారి మఠప్రవేశం చెల్లదు. అప్పులుండి తీర్చలేనివారిని, ఇతరుల వ్యవహారాలకు లెక్క చెప్పవలసినవారిని చేర్చుకోకూడదు. తీవ్ర అవసరంలో ఉన్న తల్లిదండ్రులను ఆదుకోవలసిన బిడ్డలను, బిడ్డల పోషణకో చదువుకో ఎవరి శ్రమ అవసరమో ఆ తల్లిదండ్రులను కూడా చేర్చుకోకూడదు. గంగ్రా శాపం ఇక్కడ ప్రవేశ నిబంధన అయింది. 1983 నాటి సంహిత 643వ సూత్రం వివాహబంధపు అడ్డంకిని, 644వ సూత్రం తీర్చలేని అప్పుల నిషేధాన్ని నిలిపాయి. తల్లిదండ్రుల, బిడ్డల ప్రస్తావన విడిగా మిగలలేదు. డబ్బు బాకీ చట్టంలో పేరుతో నిలిచింది. మనుషుల బాకీ ప్రవేశమిచ్చే అధికారుల వివేచనకు వెళ్లింది.

అదే కాలంలో తలుపు మరోవైపు నుంచి వెడల్పయింది. ఆంగ్లికన్ సంఘం నుంచి వచ్చిన గురువుల కోసం తొమ్మిదో పయస్ పోపు 1852లో రోమ్‌లో నెలకొల్పిన విద్యాలయం 1898లో పునీత బీడ్ పేరు పొంది, క్రమంగా మలివయసు అభ్యర్థుల కేంద్రమైంది. లండన్ దగ్గర ఆస్టర్లీలో 1919లో యేసుసభ ప్రారంభించిన గృహం 2004 వరకు సాగింది. 1964లో అమెరికాలోని వెస్టన్‌లో ఇరవైమూడో జాన్ పోపు పేరిట మరో విద్యాలయం ఏర్పడింది. రెండో వాటికన్ మహాసభ 1965లో గురుశిక్షణపై వెలువరించిన తీర్మానం ఇలాంటి సంస్థలను ప్రోత్సహించాలన్నది. 1983 సంహిత 233వ సూత్రం పరిణతవయస్కులైన అభ్యర్థులకు మాటతోనూ చేతతోనూ తోడ్పడటం గురువుల, ముఖ్యంగా పీఠాధిపతుల బాధ్యత అని చెప్పింది. ట్రెంటు పన్నెండేళ్ల బాలునికి నిర్మించిన వ్యవస్థ నాలుగు శతాబ్దాల తరువాత నెరసిన తలకు చోటిచ్చింది.

ముగింపు

మలివయసు పిలుపు ఆధునికకాలపు వింత కాదు. అరవై ఏళ్ల వితంతువుల జాబితా నుంచి వెస్టన్ వరకు దానికి అవిచ్ఛిన్న చరిత్ర ఉంది. ఆ చరిత్రలో వయసుకు సంబంధించిన అడ్డంకులు కాలానుగుణంగా మారాయి, సడలాయి. ఋణానికి సంబంధించిన ప్రశ్న మారలేదు. శాస్త్రాలు దానికి ‘ఏర్పాటు’ అనే కొలత ఇచ్చాయి. ఆ కొలత బియ్యానికీ బడికీ సరిపోతుంది. అన్సీకి వెళ్లే గడప మీద, తూర్ మఠం ముందు నిలిచిన పిల్లలు కోరింది ఆ కొలతకు అందేది కాదు. ఋణం తీరిందా లేదా అన్నదానికి ఋణగ్రస్తుని మాటను మాత్రమే సాక్ష్యంగా తీసుకొన్న సన్యాస చరిత్ర, అది ఏ మతానిదైనా, అసంపూర్ణం. క్లోద్ మార్టిన్ తన తల్లి పుస్తకానికి చేర్చిన వ్యాఖ్యలు ఆ రెండో సాక్ష్యం నమోదైన అరుదైన చోటు.