వెట్టి వదిలించుకొన్న ఊళ్లు – అందులో మనవాళ్లు

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ముస్లిం ఇండ్లలో పాతరోజుల మాట వచ్చిందంటే అది నేరుగా 1948 దగ్గరికే పోతుంది. రజాకార్లు, పోలీసు చర్య, ఆ తర్వాత పట్టుకొన్న భయం. చరిత్ర అంటే ఇంతే కాబోలు అనుకొంటూ మన పిల్లలు పెరుగుతున్నారు. అంతకు ముందు ఏడెనిమిదేండ్లపాటు ఇవే ఊళ్లలో పేద రైతులూ చేతిపనుల వాళ్లూ ఏకమై తమ కష్టాన్ని తమ దగ్గరే నిలుపుకోవాలని చేసిన ప్రయత్నం ఒకటుంది. అందులో మనవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి నాలుగు మాటల్లో ఇక్కడ రాస్తున్నాము.

అప్పట్లో ఇదంతా నల్గొండ జిల్లా. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకా కేంద్రాలు. కోదాడ హుజూర్‌నగర్ తాలూకాలో ఉండేది. భూమి దొరల చేతిలో ఉండేది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. భూమి ఒక్కటే అయితే ఏదోలా సర్దుకొనేవారేమో. వెట్టి అంతకన్నా లోతుగా దిగిన రోగం. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, గీత కార్మికుడి కల్లు, చాకలి మంగలి చాకిరీ, అన్నీ గడీకి ఉచితం. అధికారి ఊళ్లోకి వస్తే బండీ ఎడ్లూ కట్టాల్సిందే, తన చేను ఎండిపోతున్నా సరే. యుద్ధకాలంలో దీనిమీద లెవీ ధాన్యం వచ్చి పడింది. పెద్దలు పలుకుబడితో తప్పించుకొంటే చిన్న రైతు ఇంట్లో గింజలు పోయినాయి. పోయిన గింజలనే మళ్లీ షావుకారు దగ్గర అప్పు తెచ్చుకొని, పంట రాగానే కల్లంలోనే వడ్డీతో కొలిచి ఇవ్వాలి. ఊళ్లో పండింది ఊళ్లో నిలవకపోవడానికి అసలు కారణం ఇదీ.

1941లో ఆంధ్ర మహాసభ ఎనిమిదో మహాసభ కోదాడ పక్కనున్న చిలుకూరులోనే జరిగింది. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. అంతకు ముందు చదువుకొన్నవాళ్ల సభగా ఉన్నది అక్కడి నుంచి రైతుల వైపు తిరిగింది. 1944లో భువనగిరి సభలో సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. చూడటానికి చిన్న సంగతే గాని, మా లెక్కలో చాలా పెద్దది. కూలివాడు కూడా చీటీ తీసుకొని 'నేను సంగపోణ్ణి' అనగలిగాడు. సొసైటీ నడిపే మాబోటి వాళ్లకు చందా తగ్గించడం ఎంత కష్టమో తెలుసు!

మనవాళ్ల మాటకొస్తే మొదట చెప్పుకోవలసింది షేక్ బందగీ. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో కామారెడ్డిగూడెం ఆయన ఊరు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖు అండ ఉన్నవాళ్లతో కోర్టులో కొట్లాడి గెలిచాడు. 1940లో ఆయనను చంపించారు. నిజాం రాజ్యంలో ఒక పేద ముసల్మాను, ఒక హిందూ దొర, మధ్యలో కొద్దిపాటి భూమి. తగాదా మతానిది కాదు, మట్టిది. ఊళ్లకూ ఆ సంగతి అట్లాగే అర్థమైంది. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకానికి ఆయన కథే ఆధారం.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక పోరాటం ఆగలేదు. మన తాలూకాల్లో వందల ఊళ్లల్లో గ్రామరాజ్య కమిటీలు ఏర్పడ్డాయి. వెట్టి రద్దు. కూలి రేట్లు పెంచారు. అప్పు పత్రాలు కాలబెట్టారు. భూమికి గరిష్ఠ పరిమితి మొదట 500 ఎకరాలని, తర్వాత 200 అని, చివరికి మెట్ట 100, తరి 10 అని తగ్గించుకొంటూ వచ్చారు. మొత్తం తెలంగాణాలో మూడు వేల ఊళ్లు, పది లక్షల ఎకరాలు అని సుందరయ్య గారి లెక్క. తుపాకులు పట్టిన సంగతే అందరికీ గుర్తుంది గాని, కల్లంలో ధాన్యం మొదట పండించినవాడి ఇంటికి పోవడమే ఈ పోరాటంలో పెద్ద సంగతని మా అభిప్రాయం. చంపుకోవడాలు రెండు వైపులా జరిగాయి; దాచి ప్రయోజనం లేదు.

రజాకార్లు చేసిన దౌర్జన్యం గూడా దాచేది కాదు. ఖాసిం రజ్వీ మాట ముస్లింలందరి మాట కాదని చెప్పినవాళ్లు మనలోనే ఉన్నారు. పత్రికలో అది రాసినందుకు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపారు. నెల తిరక్కుండానే పోలీసు చర్య. పండిత్ సుందర్‌లాల్ కమిటీ నివేదికలో ఘోరంగా నష్టపోయిన జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ పేర్లున్నాయి. వాటిలో నల్గొండ లేదు. ఊళ్లలో సాధారణ ముస్లింలకు సంగం అండగా నిలిచిందని సుందరయ్య గారు రాశారు. కలిసి వెట్టి వదిలించుకొన్న చోట ఒకరినొకరు మనిషిగా ఎరిగి ఉండటం ఇందుకు కొంత కారణమని మేము అనుకొంటాము.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అప్పటికే చాలాచోట్ల భూములు తిరిగి దొరల పాలయ్యాయి. అయినా 1952 ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ ఓటర్లు మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపారు. రజాకార్ల గాయం ఆరి నాలుగేండ్లయినా కాలేదు, అయినా ఉర్దూ కవికి, ముసల్మానుకు ఓటు వేశారు!

1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. తర్వాత దాని 38-ఇ సెక్షను కింద వాళ్లకు యాజమాన్యపు సర్టిఫికెట్లు వచ్చాయి. 1967లో సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు లేచాయి, భూమి ధర మారిపోయింది, కాగితం లేనివాడు మళ్లీ కౌలుకే మిగిలాడు. మన ఇండ్ల పాత సందూకుల్లో అట్లాంటి రక్షిత కౌలు కాగితాలు ఉర్దూలో ఉన్నవి ఉండవచ్చు. చదవ రాలేదని పారేయకండి. సొసైటీ దఫ్తరుకు పట్టుకు రండి, ఉర్దూ చదవగల పెద్దలతో చదివిస్తాము.