నల్లకోటు మన వాడకొచ్చిన దారి – బొజ్జా తారకం



మొన్న డిగ్రీ రెండో సంవత్సరం క్లాసు అయ్యాక ఒక విద్యార్థి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు. పిలిచి అడిగితే చెప్పాడు. ఊళ్ళో వాళ్ళ అన్నను కులం పేరు పెట్టి తిట్టి కొట్టారు. స్టేషన్‌కి వెళ్తే రెండు రోజులుగా "రేపు రండి" అంటున్నారు. చివరికి నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, లాయర్ని పెట్టుకోవాలంటే ఎంతవుతుంది?"

ఆ ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఇరవై ఏళ్ళు నిండని పిల్లవాడికి న్యాయం అంటే డబ్బు పెట్టి కొనుక్కునేదని అప్పటికే తెలిసిపోయింది. తెలియనిది ఏమిటంటే, ఈ దేశంలో ఎస్సీ, ఎస్టీ ఎవరైనా సరే, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉందని. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 39ఎ అధికరణ వచ్చింది. 1987లో న్యాయ సేవల చట్టం చేశారు. అది అమలులోకి రావడానికి 1995 నవంబర్ 9 దాకా పట్టింది. ఆ చట్టం 12వ సెక్షన్ మన పేరు స్పష్టంగా రాసింది. స్త్రీలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్ళు, ఇంకా చాలామంది అందులో ఉన్నారు.

చట్టం ఉంది. ఆ చట్టాన్ని మన వాడకు తెచ్చిందెవరు? అందుకే ఈసారి బొజ్జా తారకం గారి గురించి రాస్తున్నాను.

1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి అంబేద్కర్ బాటలో నడిచి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున శాసనసభకు వెళ్ళిన మనిషి. అంటే తారకం గారికి అంబేద్కర్ పుస్తకాల్లో దొరకలేదు, ఇంట్లోనే దొరికాడు. లా చదివి నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేశారు. అక్కడే అంబేద్కర్ యువజన సంఘం కట్టారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళారు. తర్వాత హైదరాబాద్ హైకోర్టుకు వచ్చారు.

ఆయన "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఒక పుస్తకం రాశారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి. మనం కవిత్వాన్నీ కథనీ సాహిత్యం అంటాం, ఇలాంటి పుస్తకాన్ని పక్కన పెడతాం. కానీ అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలని, లాయర్ని కలిసే హక్కు ఉందని కూలి మనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పడం చిన్న పని కాదు. కోర్టు భాషకూ మన భాషకూ మధ్య ఉన్న గోడే పేదవాడి మొదటి జైలు. ఆ గోడకు ఆయన తలుపు పెట్టారు.

1985 జూలై 16. ప్రకాశం జిల్లా కారంచేడు. తాగే నీటి చెరువును పాడు చేయొద్దన్నందుకు మొదలైన గొడవ. తన మీదికొచ్చిన వాళ్ళ మీద మున్నంగి సువార్త కడవెత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు.

అప్పుడు తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేశారు. ఆ పదవిలో ఉండి "లోపలి నుంచి సాయం చేస్తాను" అని చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే చెప్పుకుంటారు. ఆయన బయటికొచ్చి దళిత మహాసభకు అధ్యక్షుడయ్యారు, కత్తి పద్మారావు గారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. పేదలకు న్యాయ సహాయం అంటే ఫీజు తీసుకోకపోవడం మాత్రమే కాదు, ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోవడం కూడా అని ఆ రాజీనామా చెప్పింది.

కారంచేడు ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మను తర్వాత చంపేశారు. కింది కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం వేసేసరికి 2008 డిసెంబర్ వచ్చింది. 23 ఏళ్ళు.

1991 ఆగస్టు 6. గుంటూరు జిల్లా చుండూరు. ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కట్టి కాల్వలో పడేశారు. ఈసారి మనవాళ్ళు కారంచేడు పాఠం మర్చిపోలేదు. కోర్టు మా ఊరికే రావాలన్నారు. ఎందుకంటే పట్నం కోర్టుకు పోవాలంటే బస్సు చార్జీ, పోయిన కూలి, దారిలో బెదిరింపులు. వాయిదా పడ్డ ప్రతిసారీ సాక్షి ఒక రోజు తిండి పోగొట్టుకుంటాడు. నిందితుడి లాయర్‌కి వాయిదా ఒక ఎత్తుగడ, మన సాక్షికి అది ఆకలి. పోరాడి చుండూరులోనే ప్రత్యేక కోర్టు సాధించారు. స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పౌరహక్కుల ఉద్యమం నుంచి వచ్చిన బి. చంద్రశేఖర్ గారు వాదించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ కోర్టులో బాధితుల పక్షాన నిలబడింది తారకం గారే. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు దగ్గరపడ్డాయి. కేసు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2016 సెప్టెంబర్ 16న ఆయన వెళ్ళిపోయారు.

"మరి ఏం సాధించారు సార్?" అని అడిగే విద్యార్థులున్నారు. న్యాయమైన ప్రశ్న. తీర్పులనే లెక్కేస్తే ఓడిపోయినట్టే కనిపిస్తుంది. కానీ చూడండి. కారంచేడు తర్వాతి ఉద్యమాల ఒత్తిడి లేకుండా 1989 అత్యాచారాల నిరోధక చట్టం రాలేదు. బాధితులు కోరితే వాళ్ళ కేసు వాదించడానికి పేరున్న సీనియర్ న్యాయవాదిని కలెక్టర్ నియమించవచ్చని 1995 నిబంధనలు చెబుతున్నాయి. కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. కావాలని విధి నిర్వహించని అధికారికి నాలుగో సెక్షన్ కింద శిక్ష ఉంది. వీటిలో ఏదీ దయగా రాలేదు.

ఆ విద్యార్థికి ఇవే చెప్పాను. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వు, తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపు, రసీదు దాచు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడుగు. 15100కి ఫోన్ చెయ్యి, జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్ళు. ఒంటరిగా మాత్రం వెళ్ళకు.

ఇక మనకు. తారకం గారి వర్ధంతికి దండలు వేస్తాం, ఫోటోలు పెడతాం. వేయండి. కానీ ప్రతి జిల్లా కోర్టులో మన పిల్లలు జూనియర్లుగా చేరి, మొదటి రెండు మూడేళ్ళు ఆదాయం లేక అద్దె కట్టలేక నల్లకోటు విప్పేసి ఏదో ఉద్యోగానికి పోతున్నారు. ఉద్యోగాలున్న మనం పదిమంది కలిస్తే ఒక జూనియర్‌కి గది అద్దె, పుస్తకాల ఖర్చు కట్టలేమా? ఆ ఒక్కరూ నిలబడితే వంద వాడలకు తోడు. న్యాయవాదిని గౌరవించడం అంటే ఇంకో న్యాయవాదిని తయారు చేయడం.

ఆ పిల్లవాడు నిన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. ఎఫ్ఐఆర్ అయిందట. వెళ్ళబోతూ అడిగాడు: "సార్, డిగ్రీ అయ్యాక లా చేయాలంటే ఏ పరీక్ష రాయాలి?"

జై భీమ్.